ఒరాటిలే వాళ్ళమ్మ

కెనేల్వేకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. అద్దె ఇళ్ళ ఆఫీసులో ఆ రోజు తాను కూతురి నోట ఏ మాట పలికించిందో, అది ఆ పిల్లకి పెద్దయ్యాక గుర్తుంటుందేమోనని. భయాలకేం, ఆమెకి బోలెడు. రొట్టెల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మళ్ళీ రాస్తారో లేదోనని ఒకటి, పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చబడితే అది ఏ జ్వరమోనని ఒకటి, స్కూలు గేటు దగ్గర వ్యాను టాక్సీలు వెనకా ముందూ చూసుకోకుండా తిరుగుతాయని ఒకటి. అవి పొద్దున వచ్చి సాయంత్రానికి సర్దుకుంటాయి. ఇది సర్దుకోదు. ఒరాటిలేకి ఇప్పుడు ఏడేళ్ళు. ఆ మాట అన్ననాటికి ఐదు నిండి మూడు నెలలు. ఐదేళ్ళప్పటి సంగతులు తనకేం గుర్తున్నాయా అని కెనేల్వే ఒక్కోసారి కూర్చుని వెతుక్కుంటుంది. మేకపిల్ల నూతిలో పడడం గుర్తుంది. దాన్ని పైకి తీసినవాళ్ళ మొహాలు కూడా గుర్తున్నాయి. అంటే గుర్తుంటాయన్నమాట.

నాలుగు నెలల పసిగుడ్డుతో టౌంగ్ దగ్గరి పల్లె నుంచి జోహానెస్‌బర్గ్ వచ్చి దిగిననాటికి కెనేల్వేకి పద్దెనిమిది. పదో తరగతి మధ్యలో కడుపు బయటపడింది, పుస్తకాలు అక్కడితో మూతబడ్డాయి. ఊళ్ళోవాళ్ళు చేతిలో పెట్టిన చిరునామా సెయిపాతిది. చుట్టం కాదు. వాళ్ళమ్మతో ఒకే చర్చిలో ఒకే వరసలో నిలబడి పాడిన మనిషి, అంతే. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పని. అలెగ్జాండ్రాలో ఒకరి పెరట్లో రేకుల గది తీసుకుని ఉండేది. ఆ గదికి అడ్డంగా దుప్పటి కట్టి, "ఇటు మీది, అటు నాది" అంది సెయిపాతి. రెండు రోజులకే మంచం ఉన్న వైపు పిల్లదైపోయింది, ఆవిడ నేల మీదికి దిగింది.

సెయిపాతికి పిల్లల్లేరు. రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ పోయింది, మూడోసారికి మొగుడే పోయాడు, చచ్చి కాదు, డర్బన్‌కి. ఆ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పేది. సెలవు రోజుల్లో ఒరాటిలేని వీపున దుప్పటితో బిగించి కట్టుకుని కుళాయి దగ్గర వరసలో నిలబడేది. కెనేల్వే ఆ రోజుల్లో పని కోసం షాపుల గుమ్మాలు ఎక్కి దిగుతూ ఉండేది. సాయంత్రం వచ్చేసరికి మొక్కజొన్న ముద్ద, ఆకుకూర, పక్కన కాస్త మామిడి అచార్ మూతపెట్టి ఉండేవి. తిన్నావా అని అడగడం సెయిపాతికి అలవాటు లేదు. మూత తీసి ముందు పెట్టేది.

ఒరాటిలేకి రెండేళ్ళు నిండే వేళకి, ఊరి నడిమధ్య, జెప్స్‌టౌన్ వైపు, సర్కారు డబ్బు సగం కలిపి ఒక కంపెనీ అద్దె ఇళ్ళు కట్టింది. గదిలోనే కుళాయి, లోపలే మరుగుదొడ్డి, గేటు దగ్గర వేలు పెడితే తెరుచుకునే యంత్రం. అద్దె బయటి కొంపల్లో సగం. దాని కోసం జనం తెల్లవారకముందే వరసకట్టారు. కాని ఆ ఇళ్ళకి నియమాలున్నాయి. జీతం మరీ తక్కువైతే కట్టలేవంటారు, మరీ ఎక్కువైతే నీకెందుకంటారు. సెయిపాతి జీతం సరిగ్గా మధ్యన పడింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. అంతలో బల్ల అవతలి కుర్రవాడు, నీ చేతి ముద్ద తినేవాళ్ళు ఎవరెవరని అడిగాడు. ఊళ్ళో తొమ్మిది మంది ఉన్నారు నాయనా అంది సెయిపాతి. కాగితం మీద ఉన్నవాళ్ళు చెప్పమ్మా అన్నాడు. కాగితం మీద ఎవరూ లేరు. ఒంటిమనుషులకి ఇవ్వరట, కుటుంబం ఉండాలట.

ఆవిడ ఇంటికొచ్చి గిన్నెలు ముందేసుకుంది. కడిగిన గిన్నెనే రెండోసారి కడిగింది. అప్పుడు కెనేల్వేయే అంది.

"పిన్నీ, ఒరాటిలే పుట్టిన కాగితం నీకిస్తాను. నీ పిల్లే అని రాయించుకో."

ఈ ఒక్క సంగతి కెనేల్వే ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా మారదు. ముందుగా అన్నది తానే. సెయిపాతి అడగలేదు. వద్దంది కూడా. తల్లి బతికుండగా బిడ్డను రాయించుకోవడం మంచిది కాదంది. తనకి జీతం చీటీ లేదు, తన పేరు మీద ఎవరూ ఇల్లు ఇవ్వరు, పిల్లయినా ఒక గట్టి కప్పు కింద పడుకుంటుంది కదా అని కెనేల్వే రెండు రోజులు వెంటబడింది.

ఇలాంటివాటికి అక్కడ అందరూ వెళ్ళేది పోలీస్ స్టేషన్‌కే. దొంగతనం చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళకంటే ప్రమాణపత్రం మీద ముద్ర వేయించుకోవడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ ఉంటారు. కాగితంలో ఏముందో పోలీసాయన చదవడు, చెయ్యెత్తమంటాడు, ముద్ర కొడతాడు. కాగితం మీద ఇలా ఉంది: ఈ బిడ్డ తల్లి బిడ్డను వదిలి వెళ్ళింది, ఎక్కడున్నదీ తెలియదు, నేనే పెంచుతున్నాను. ఎక్కడున్నదీ తెలియని ఆ తల్లి బయట మెట్ల మీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని, నూనెలో వేయించిన మఖ్విన్యా ఉండలు నములుతూ కూర్చుంది. సెయిపాతి బయటికొచ్చి కాగితం ఊపుతూ, "ఏమే తప్పిపోయినదానా, నాకో ముక్క మిగిల్చావా?" అంది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఇల్లు వచ్చింది. మూడో అంతస్తు. ఒరాటిలే సెయిపాతితో అక్కడ ఉండేది. కెనేల్వే పేరు ఆ ఇంటి మీద లేదు గనక, వచ్చినప్పుడల్లా గేటు దగ్గర పుస్తకంలో చుట్టం అని రాసి సంతకం పెట్టాలి. నెలకి ఇన్ని రాత్రులే ఉండాలి. మిగతా రాత్రులు అలెగ్జాండ్రా రేకుల గదిలోనే. గేటు కాపలాదారు మోసెకి నోటి దురుసు మనిషి, మనసు మాత్రం చెడ్డది కాదు. "వచ్చావా చుట్టమా? చుట్టాలు తెచ్చేదేమైనా ఉంటుంది. నువ్వు ఖాళీ చేతులు ఊపుకుంటూ వస్తావు, నిండిన డబ్బాతో పోతావు" అనేవాడు. కెనేల్వే నవ్వేసేది.

నవ్వలేకపోయింది మరొకదానికి. ఆ ఊళ్ళో బిడ్డ ఉన్న ఆడమనిషిని పేరు పెట్టి పిలవరు. ఫలానా బిడ్డ వాళ్ళమ్మ అంటారు. పేరు పెట్టి పిలిస్తే అది తక్కువ చెయ్యడమే. నలభై ఎనిమిదేళ్ళ దాకా సెయిపాతి సెయిపాతే. ఆ భవనంలో మాత్రం మొదటి వారానికే అందరికీ ఒరాటిలే వాళ్ళమ్మ అయిపోయింది. మెట్ల మీద ఎవరో, "ఒరాటిలే వాళ్ళమ్మా, నీ బట్టలు తడుస్తున్నాయి" అని కేకేస్తే, సెయిపాతి పలికే తీరు చూడాలి. ఒక్క క్షణం ఆగి పలికేది. ఆ పేరుని నోట్లో బెల్లంముక్కలా కాస్సేపు ఉంచుకున్నట్టు. పక్కనే బట్టల బకెట్ పట్టుకుని నిలబడ్డ కెనేల్వేని, ఈ అమ్మాయెవరని అడిగేవారు. మా ఊరి పిల్ల అనేది సెయిపాతి. అబద్ధం కాదు.

ఒరాటిలే కూడా ఆవిడని అమ్మా అనే పిలిచేది. కెనేల్వేని కెనే అక్క అనేది. ఒకసారి పిల్లకి మోకాలు చెక్కుకుపోయింది. కెనేల్వే ఎత్తుకోబోతే చేతులు దులిపేసుకుని సెయిపాతి వైపు పరిగెత్తింది. సెయిపాతి పిల్లని ఎత్తుకుని, "అదుగో, అసలు అమ్మ అక్కడుంది, పిచ్చిదానా" అని చెవిలో చెప్పింది. చెప్పిందన్నది నిజం. కాని ఆ రోజు టాక్సీలో కెనేల్వే దారి పొడుగునా పళ్ళు బిగించుకునే కూర్చుంది.

కొన్నాళ్ళకి రొట్టెల ఫ్యాక్టరీలో పని దొరికింది. చేతికి జీతం చీటీ వచ్చింది. అదే కంపెనీ రెండు వీధుల అవతల కొత్త భవనం లేపుతోందని తెలిసింది. పిల్లని మరుసటి ఏడాది బళ్ళో వెయ్యాలి. బళ్ళో వెయ్యాలంటే దగ్గర్లో ఇల్లున్నట్టు కాగితం చూపించాలి. ఇక్కడి నుంచే వెళ్తుంది కదా, నేను దింపుతాను కదా అంది సెయిపాతి. ఆ మాటే కెనేల్వేకి గుచ్చుకుంది. బడి రిజిస్టరులోనూ ఆవిడ పేరే ఉంటుందన్నమాట. సెయిపాతికి చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. సెలవులని చెప్పి పిల్లని అలెగ్జాండ్రాకి తెచ్చేసుకుంది. ఒక్కో భవనం కాగితాలు ఒక్కో బీరువాలో ఉంటాయని ఆమె అనుకుంది. ఎవరికైనా చెప్పి అడిగి ఉంటే, అన్నీ ఒకే కంప్యూటరులో ఉంటాయని చెప్పేవారు. ఎవర్నీ అడగలేదు.

ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఫెకో అనే పెద్దావిడ కూర్చోమంది. కళ్ళజోడు పైకి తోసుకుని, ఈ బిడ్డ నంబరు ఇంకో ఇంటి మీద ఉందంది. సెయిపాతి ప్రమాణపత్రం బల్ల మీద పెట్టి, "ఇందులో తల్లి ఎక్కడుందో తెలియదని ఉంది. నువ్వేమో నా ఎదురుగా కూర్చున్నావు" అంది. గొంతు పెంచలేదు. అదే కెనేల్వేని ఎక్కువ బెదిరించింది.

ఫెకో ఓపిగ్గానే చెప్పింది. జనం కట్టే అద్దెలతో నీళ్ళ మోటారు, లిఫ్టు, కాపలా బొటాబొటిగా నడుస్తాయంది. కరెంటు రేటు ఏటా పెరుగుతోంది, అద్దె అంతలా పెంచితే ఉన్నవాళ్ళు కట్టలేరు, పెంచకపోతే కంపెనీ మునుగుతుంది. సర్కారు తన డబ్బు ఇంటింటికీ కుటుంబాన్ని చూసి ఇచ్చింది. ఈ నెలాఖరుకి లెక్కలు తనిఖీ చేసేవాళ్ళు వస్తారు, దొంగ కాగితం ఒక్కటి దొరికినా ఆ ఇంటి డబ్బు వెనక్కి కట్టమంటారు, పది దొరికితే భవనమే నిలవదు. ఒక బిడ్డ మీద రెండిళ్ళు కుదరవు. ఇద్దరూ కలిసి చేశారా, ఇద్దరికీ ఇల్లు ఉండదు, ఏ కంపెనీ దగ్గరా దొరకదు. అలా కాదు, ఆవిడొక్కతే చేసిందంటావా, అది వేరు సంగతి.

మూడో దారి కూడా ఉంది. నా దరఖాస్తు వెనక్కి ఇచ్చెయ్యండి అని లేచి వచ్చెయ్యడం. ఫెకో అదీ చెప్పింది. వెనక్కి తీసుకుంటే ఈ పత్రాన్ని ఎలా సరిదిద్దాలో ఆ సెయిపాతితో నేను మాట్లాడతాను, కాస్త టైమిస్తాను అంది. ఆ మాటలు కెనేల్వే చెవులారా వింది. వినలేదని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు గానీ, వింది.

"నాకు తెలియకుండా చేసిందండీ. నేను పనికి పోతూ పిల్లని చూసుకోమని ఇచ్చాను. కాగితం పెట్టెలోంచి తీసుకున్నట్టుంది" అంది.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. ముందు నుంచీ నాలుక కింద కాచుకుని కూర్చున్నట్టు వచ్చింది.

మూడు రోజులకి ఇద్దర్నీ పిలిచారు, పిల్లని కూడా తీసుకురమ్మన్నారు. ముందు రోజు కెనేల్వే ఒరాటిలేకి ఎర్ర జెల్లీ మిఠాయి కొనిపెట్టింది. రేపు ఆఫీసులో ఒక మేడమ్ సెయిపాతిని చూపించి, ఈవిడ నీకేమవుతుందని అడుగుతుంది, ఏమీ కాదు అనాలి, అంతే, అంది. ఎందుకు అంది పిల్ల. అలా అంటే మనకి కిటికీ ఉన్న ఇల్లు ఇస్తారు, నీకు మంచం ఇస్తారు. పిల్ల మిఠాయి చప్పరిస్తూ, మరి అమ్మకి కూడా మంచం ఇస్తారా అంది. నేనే అమ్మని అంది కెనేల్వే. గట్టిగానే అంది. పిల్ల చప్పరించడం ఆపేసింది. తరవాత ఆ మాట ఆరుసార్లు చెప్పించింది. ఆరోసారికి తడుముకోకుండా వచ్చింది.

సెయిపాతి చర్చి బట్టలు వేసుకుని, తెల్లటి కాలరు ఇస్త్రీ చేసుకుని వచ్చింది. ఎందుకు పిలిచారో ఆవిడకి సరిగా తెలియదు. అద్దె ఎప్పుడూ ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు గనక, ఏదో మంచి కబురే అనుకుని ఉంటుంది. చేతిలో రొట్టె సంచీలో చుట్టిన మఖ్విన్యాలు. పిల్లని చూడగానే మొహమంతా నవ్వై, చేతులు చాచింది. ఒరాటిలే కెనేల్వే గౌను పట్టుకుని కదల్లేదు.

ఫెకో అన్నీ చదివింది. కెనేల్వే ఏం చెప్పిందో అదీ చదివింది. సెయిపాతి కెనేల్వే వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. వీధిలో తెలిసినవాళ్ళలా కనబడ్డ మనిషిని, వాళ్ళేనా కాదా అని చూస్తామే, అలా. కెనేల్వే బల్ల అంచున లేచిన పెచ్చుని గోటితో గీకుతూ కూర్చుంది.

ఫెకో పిల్లని దగ్గరికి పిలిచి, "బంగారూ, ఈవిడ నీకేమవుతుంది?" అంది.

ఒరాటిలే తల్లి వైపు చూసింది. తరవాత సెయిపాతి ఒళ్ళో ఉన్న సంచీ వైపు చూసింది.

"ఏమీ కాదు."

సెయిపాతి దగ్గర ఫోనుంది. దాన్నిండా కెనేల్వే మెసేజీలున్నాయి. పిన్నీ ఇవాళ ఆలస్యమవుతుంది, పిన్నీ పిల్ల తిందా, పిన్నీ కాగితం వాళ్ళు అడిగితే నేను లేనని చెప్పు. ఫోను తీసి బల్ల మీద పెడితే చాలు. సెయిపాతి సంచీ మూతిని మెలితిప్పి, ముడేసి, మళ్ళీ విప్పింది.

"చిన్నపిల్ల ఎందుకు అబద్ధమాడుతుందమ్మా. నేనే చేశాను. ఎక్కడ సంతకం పెట్టమంటావు?" అంది ఫెకోతో.

ఫెకో కళ్ళజోడు తీసి ఇద్దరి మొహాలూ చూసింది. ఆవిడకి తెలిసిపోయిందనే కెనేల్వే నమ్మకం. కాని ఆఫీసుకి కావలసింది కాగితం, కాగితం దొరికింది. సెయిపాతి సంతకం పెట్టి లేచి, పిల్ల దగ్గర వంగి, స్వెట్టరు గుండీ ఒకటి తప్పు కంతలో పెట్టి ఉంటే తీసి సరిగా పెట్టింది. సంచీ కుర్చీ మీద వదిలేసి వెళ్ళింది. ఆ మఖ్విన్యాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. కెనేల్వే వాటిని తినలేకపోయింది, పారెయ్యలేకపోయింది. చివరికి టాక్సీలో పక్కనున్న ముసలాయనకి ఇచ్చింది. ఆయన నీ కడుపు చల్లగుండా అన్నాడు.

సెయిపాతికి నెల గడువిచ్చారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు కెనేల్వే రోడ్డుకి అవతలి వైపు టాక్సీ స్టాపులో నిలబడి చూసింది. చిన్న ట్రక్కులో పరుపు, ఫ్రిజ్, పిల్ల మూడు చక్రాల సైకిలు ఎక్కించారు. సైకిలుని సెయిపాతి మళ్ళీ కిందికి దించి, మోసెకికి ఏదో చెప్పి అప్పగించింది. రోడ్డు దాటడానికి పదహారు అడుగులు కూడా ఉండవు. మూడు టాక్సీలు ఆగాయి, నాలుగోదాంట్లో కెనేల్వే ఎక్కేసింది.

మరుసటి నెల కెనేల్వేకి ఇల్లొచ్చింది. నాలుగో అంతస్తు, కిటికీలోంచి స్కూలు కనబడుతుంది. అద్దె నెలనెలా ముందుగానే కట్టేస్తుంది. మెట్ల మీద వాళ్ళు ఆమెని ఒరాటిలే వాళ్ళమ్మా అని పిలుస్తారు. ఎవర్ని పిలుస్తున్నారోనని మొదట వెనక్కి తిరిగి చూసేది.

సైకిలు తెచ్చుకోవడానికి మోసెకి దగ్గరికి ఒక్కసారే వెళ్ళింది. అతను ఈసారి వేళాకోళమాడలేదు.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను. తెప్ప మీద మనిషి ఉండగా తగలేసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను" అన్నాడు. తరవాత కాస్త మెత్తబడి, సెయిపాతి ఎక్కడికి పోయిందో చెప్పాడు. రైలు స్టేషను వెనక మూతబడిన బట్టల ఫ్యాక్టరీలో, రెండో అంతస్తున ఉంటోందట. దానికి సొంతదారు లేడు, కరెంటు లేదు, నీళ్ళకి వీధి కుళాయికి దిగి రావాలి. అట్టలతో గదులు కట్టుకుని వందల మంది ఉంటారు. ఆస్పత్రి పనికి అక్కడి నుంచే నడిచి వెళ్తోందట, ఛాతీలో దగ్గు పట్టుకుందట. కెనేల్వే దుప్పటి ఒకటి కొని అతని చేతికిచ్చి పంపింది. వారానికి దుప్పటి తిరిగొచ్చింది. "నాకొకటి ఉంది, పిల్లకి కప్పమను అంది" అని చెప్పాడు. ఆ దుప్పటి పిల్లకి కప్పడానికి కెనేల్వేకి చేతులు రావు. మడత విప్పకుండా మంచం కింద పెట్టింది.

ఒరాటిలే బాగా చదువుతుంది. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకుంటుంది. ఈ రెండేళ్ళలో సెయిపాతి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆవిడ ఏదని అడగలేదు. అడిగితే ఏడ్చి అయినా చెప్పొచ్చు. అడగని పిల్లకి ఏమని చెప్పాలి? మొన్న టీచరు ఇంట్లోవాళ్ళ బొమ్మలు గీయమంటే, పిల్ల తనని, తల్లిని గీసి, మూడో మనిషిని మొదలుపెట్టి, కాళ్ళు మాత్రం గీసి ఆపేసింది. కెనేల్వే ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది గాని, ఈ కాళ్ళెవరివని అడగలేదు.

ఇప్పుడు చలికాలం మొదలైంది. కెనేల్వే రెండుసార్లు ఆ ఫ్యాక్టరీ వీధి దాకా వెళ్ళి, కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ వీపులు చూసి, మొహం చెల్లక తిరిగొచ్చేసింది. మోసెకి పని మానేసి ఊరెళ్ళిపోయాడు, ఇక కబురు చెప్పేవాళ్ళూ లేరు. అందుకే ఇది చదివినవాళ్ళెవరైనా జెప్స్‌టౌన్ స్టేషను వెనక వైపు వెళ్తే, దయచేసి ఒక్కసారి ఆ ఫ్యాక్టరీలోకి తొంగి చూడండి. ఎడమ చేతి మెట్లు ఎక్కితే రెండో అంతస్తు. సెయిపాతి అని అడగండి. పొట్టి మనిషి, యాభై దాటింది, తెల్ల కాలరు. దగ్గు తగ్గిందా, నీళ్ళు అంత పైకి ఎవరు మోసుకెళ్తున్నారు, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు మూసుకుని పడుకోవడం లేదు కదా, అది చూడండి. ఎవరు పంపారని ఆవిడ అడగదు. మూత తీసి మీ ముందు ఏదైనా పెడితే, కాదనకుండా తినండి.